అసెంబుల్డ్ కంప్యూటర్ అమ్మేముందు: పెట్టె మనది, లోపలి సాఫ్ట్‌వేర్ ఎవరిది?

విడిభాగాలు కొని ఇంట్లోనే కంప్యూటర్ బిగించుకునే అలవాటు మన యువకుల్లో బాగా పెరిగింది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఒకసారి వెళ్లి వస్తే చాలు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్ అన్నీ అక్కడే దొరుకుతాయి. వీడియోలు చూసి ఒక్క పూటలో బిగించేస్తారు. రెండేళ్లు వాడుకుని, దాన్ని అమ్మి, ఆ డబ్బుకు మరికొంత కలిపి కొత్తది బిగించుకుంటారు. కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, నెలకు ఒకటి రెండు సిస్టాలు బిగించి అమ్మడం చేతిఖర్చులకు ఆధారంగా చేసుకున్నారు. మంచి పనే. చదువుకున్న పిల్లవాడు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నాకెప్పుడూ చిన్నతనంగా అనిపించలేదు.

అయితే ఇలా అమ్మే కంప్యూటర్లలో అత్యధికం ఒక విషయంలో తేలిపోతాయి. మదర్‌బోర్డుకు బిల్లు ఉంటుంది, ర్యామ్‌కు బిల్లు ఉంటుంది, చివరకు కీబోర్డుకు కూడా ఉంటుంది. లోపల వేసిన విండోస్‌కు మాత్రం ఏ కాగితమూ ఉండదు. అడిగితే “అది ఫ్రీ సార్, మేమే వేసిస్తాం” అంటారు.

మా బడికి ఒక దాత కొనిచ్చిన కంప్యూటర్ సంగతి చెబుతాను. దుకాణం పేరు అనవసరం. బిల్లులో “విండోస్‌తో సహా” అని రాసి ఉంది. ఆరు నెలలు బాగానే పనిచేసింది. ఒకరోజు తెర అడుగున “విండోస్ యాక్టివేట్ చేయండి” అనే అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. దుకాణానికి ఫోన్ చేస్తే, “తీసుకురండి, ఐదు నిమిషాల్లో మళ్లీ కొట్టించి ఇస్తాను” అన్నాడు. కొట్టించడమంటే క్రాక్ వేయడం. దాత డబ్బు పూర్తిగా ఇచ్చారు, బిల్లు పూర్తిగా తీసుకున్నారు. అయినా ఆ బిల్లులోని ఒక వస్తువు అసలు అందనే లేదు. దాత అప్పటికే ఊరు వదిలి వెళ్లిపోయారు. ఆయనకు ఈ మాట చెప్పడానికి మాకు మనసొప్పలేదు.

ఈ గందరగోళం ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. కంప్యూటర్ అనే పెట్టెను మనం కొంటాం. అది మన సొత్తు. అమ్ముకోవచ్చు, ఇచ్చేయవచ్చు, విరగ్గొట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌ను మనం కొనం. దాన్ని వాడుకునే అనుమతిని కొంటాం. ఆ అనుమతి పేరే లైసెన్సు. అద్దె ఇంట్లో ఉన్నవాడు ఇల్లు అమ్మలేడు. తన తరువాత మరొకరిని ఆ ఇంట్లో పెట్టవచ్చా లేదా అన్నది కూడా అద్దె కాగితంలో రాసుకున్నదాన్ని బట్టి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే.

ఇది నేటి తగాదా కాదు. ఇంట్లో బిగించుకునే కంప్యూటర్ పుట్టిన మరుసటి ఏడాదే ఇది పుట్టింది. అమెరికాలో 1975 జనవరి ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 వచ్చింది. అది విడిభాగాల కిట్. కొన్నవాళ్లే బిగించుకోవాలి. దానికి బేసిక్ భాషను రాసింది బిల్ గేట్స్, పాల్ అలెన్ తదితరులు. ఔత్సాహికుల సంఘాల్లో ఆ ప్రోగ్రాం ఉన్న కాగితపు టేపును ఒకరి నుంచి ఒకరు నకలు తీసుకుని పంచుకున్నారు. 1976 ఫిబ్రవరిలో గేట్స్ వాళ్లకు బహిరంగ లేఖ రాశాడు. యంత్రానికి డబ్బిస్తారు గానీ ప్రోగ్రాంకు ఇవ్వరా అన్నది ఆయన ప్రశ్న. దీనికి పూర్తిగా వేరే జవాబు తరువాత మరొకరు ఇచ్చారు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పథకాన్ని ప్రకటించాడు. ఎవరైనా వాడుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లైనక్స్ దానికి తోడైంది. మన ముందు ఇప్పుడున్న న్యాయమైన దారులు ఈ రెండే. ఒకటి, డబ్బిచ్చి అనుమతి తీసుకోవడం. రెండు, అనుమతి ముందే ఇచ్చేసిన సాఫ్ట్‌వేర్ వాడుకోవడం. క్రాక్ అనేది మూడో దారి కాదు, గోడ దూకడం.

మన దేశంలో చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంను సాహిత్య రచనల కోవలోకి తీసుకుంది. అంటే పుస్తకానికి ఉన్న రక్షణే దానికీ ఉంది. 1994 సవరణతో చేరిన 63బి సెక్షన్ ప్రకారం, దొంగ నకలు అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. లాభం కోసం, వ్యాపారం కోసం కాకుండా వాడినప్పుడు కోర్టు జైలు శిక్ష లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టే వీలుంది. ఇక్కడే అమ్మేవాళ్లు గమనించాలి. ఇంట్లో వాడుకునే వ్యక్తికి ఉన్న ఆ వెసులుబాటు, సిస్టం బిగించి డబ్బుకు అమ్మేవాడికి ఉండదు.

ఇక విండోస్ లైసెన్సుల రకాలు. ఈ భాగం కొంచెం ఓపికగా చదవాలి, ఎందుకంటే మోసాలన్నీ ఇక్కడే జరుగుతాయి.

మొదటిది రిటైల్ లైసెన్సు. విడిగా కొనుక్కునేది. పాత కంప్యూటర్ నుంచి తీసేసి కొత్తదానిలో వేసుకోవచ్చు. మొదట కొన్న వ్యక్తి దాన్ని మరొకరి కంప్యూటర్‌కు కూడా బదిలీ చేయవచ్చు, కాకపోతే తన దగ్గర దాన్ని ఉంచుకోకూడదు. ఒక లైసెన్సు ఒకే సమయంలో రెండు చోట్ల ఉండదు.

రెండోది ఓఈఎం. ఇందులో సిస్టం బిల్డర్ పేరుతో వచ్చేది మనలాంటి చిన్న తయారీదారుల కోసమే. బిగించి ఇతరులకు అమ్మే కంప్యూటర్లలో వేయడానికి ఉద్దేశించినది. ధర రిటైల్ కంటే తక్కువ. బదులుగా రెండు షరతులు. అది ఆ కంప్యూటర్‌తోనే, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఆ మదర్‌బోర్డుతోనే ఉండిపోతుంది. కొన్నవారికి సాయం చేయాల్సిన బాధ్యత మైక్రోసాఫ్ట్‌ది కాదు, బిగించి అమ్మినవాడిది. అసలైనదని తెలిపే ధ్రువపత్రం స్టిక్కర్‌ను క్యాబినెట్‌కు అంటించి ఇవ్వాలి. మదర్‌బోర్డు పాడై అదే రకం వేస్తే ఇబ్బంది లేదు. మెరుగైనది కావాలని మార్చితే మాత్రం అది కొత్త కంప్యూటర్ కిందే లెక్క, కొత్త లైసెన్సు కావాలి. పాత ఆఫీసుల నుంచి తుక్కు కింద వచ్చిన బ్రాండెడ్ సిస్టాల స్టిక్కర్లు ఊడదీసి తాము బిగించిన డబ్బాకు అంటించేవాళ్లను చూశాను. ఆ స్టిక్కర్ ఆ తుక్కు యంత్రంతోనే పోయింది.

మూడోది వాల్యూమ్ లైసెన్సు. పెద్ద సంస్థలు, విశ్వవిద్యాలయాలు తమ వందల కంప్యూటర్ల కోసం ఒప్పందం మీద తీసుకునేది. పైగా ఇది అప్‌గ్రేడ్ మాత్రమే. అంటే ఆ కంప్యూటర్‌కు అంతకుముందే ఒక అసలు విండోస్ లైసెన్సు ఉండి తీరాలి. ఆన్‌లైన్‌లో రెండు మూడు వందల రూపాయలకు “లైఫ్‌టైమ్ కీ” అని అమ్మేవాటిలో చాలావరకు ఇలాంటి ఒప్పందాల నుంచి జారిపోయినవే. కీ పనిచేస్తుంది, నిజమే. దొంగ తాళంచెవి కూడా తలుపు తీస్తుంది.

మీ యంత్రంలో ఏది ఉందో తెలుసుకోవడం కష్టం కాదు. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే ఒక చిన్న పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లీషులో ఎస్, ఎల్, ఎమ్, జి, ఆర్ అక్షరాలు కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ గుర్తు, డి, ఎల్, ఐ కొట్టండి. కొద్ది క్షణాల్లో రిటైలా, ఓఈఎమ్మా, వాల్యూమా అన్నది చూపిస్తుంది. చివరి మూడు అక్షరాల బదులు ఎక్స్, పి, ఆర్ కొడితే యాక్టివేషన్ శాశ్వతమా, గడువు ఉందా అన్నది తెలుస్తుంది. ఇంట్లో వాడే కంప్యూటర్‌లో వాల్యూమ్ అని, 180 రోజుల లోపు గడువు తేదీ అని కనిపిస్తే అనుమానించాల్సిందే. అలాగని శాశ్వతం అని వచ్చినంత మాత్రాన సర్టిఫికెట్ దొరికినట్టు కాదు. దాన్ని కూడా బోల్తా కొట్టించే క్రాక్‌లు ఉన్నాయి. చివరకు నిలబడే సాక్ష్యం కొన్న బిల్లు, లైసెన్సు ధ్రువపత్రం, ఈ రెండే.

క్రాక్‌తో వచ్చే నష్టం చట్టానికే పరిమితం కాదు. యాక్టివేటర్ అనే ప్రోగ్రాం నడపాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపేయమంటుంది. ఇంట్లోకి వచ్చేవాడు ముందు కుక్కను కట్టేయమన్నాడంటే ఎందుకో ఆలోచించాలి కదా. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు కాజేసే వైరస్‌లు ఇలాంటి యాక్టివేటర్ల వెంట వచ్చిన ఉదంతాలు ఉన్నాయి. మన దగ్గర కంప్యూటర్ కొనేది ఎవరు? జిరాక్సు సెంటర్ పెట్టుకునే కుర్రాడు, ఇంటి దగ్గర ట్యూషన్ చెప్పుకునే అమ్మాయి, స్కాలర్‌షిప్పు దరఖాస్తులు నింపే విద్యార్థి. వాళ్ల బ్యాంకు వివరాలు, వాళ్ల దగ్గరకు వచ్చే పదిమంది ఆధార్ నకళ్లు అందులోనే ఉంటాయి.

మరి అమ్మకానికి సిద్ధం చేయడం ఎలా?

కొత్తగా బిగించి అమ్మేవారి పని వేరు, వాడిన దాన్ని అమ్మేవారి పని వేరు. కొత్తదానిలో విండోస్ ఎక్కించాక, దేశం పేరు అడిగే మొదటి తెర దగ్గర ఆగి కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కితే ఆడిట్ మోడ్ అనే స్థితిలోకి వెళుతుంది. ఎవరి పేరుతోనూ ఖాతా తెరవకుండానే డ్రైవర్లు వేసి, పరీక్షలు చేసుకోవచ్చు. పని అయ్యాక సిస్‌ప్రెప్ అనే ఉపకరణంలో మొదటి ఎంపిక ఉంచి, జనరలైజ్ దగ్గర టిక్ పెట్టి, షట్‌డౌన్ ఎంచుకుంటే కంప్యూటర్ ఆగిపోతుంది. కొన్నవారు తమ ఇంట్లో మొదటిసారి ఆన్ చేసినప్పుడు తమ పేరు, తమ భాష, తమ పాస్‌వర్డు పెట్టుకుంటారు. “అడ్మిన్, 1234” అని మనమే ఖాతా తెరిచి ఇచ్చే పద్ధతి కంటే ఇది ఎంతో మర్యాదైన పద్ధతి.

వాడిన కంప్యూటర్ అయితే ముందు మీ ఫైళ్లను వేరేచోట భద్రపరచుకోండి. తరువాత బ్రౌజర్, మెయిల్, ఇతర ఖాతాల నుంచి బయటకు రండి. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం పడి ఉందేమో చూసి తీసేయండి. చాలామందికి తెలియకుండానే అది పడి ఉంటుంది. దాన్ని తెరిచే కీ పాత యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండిపోతుంది. ఆనక ఒక రోజు తెర నీలంగా మారి కీ అడిగితే కొన్నవారు ఎవరి వెంట పడాలి? ఆ తరువాత సెట్టింగ్స్‌లో సిస్టం, రికవరీ, రీసెట్ అనే వరుసలో వెళ్లి, అన్నీ తీసివేయమనే ఎంపికతోపాటు డేటాను శుభ్రం చేయమనే ఎంపికను కూడా ఆన్ చేయండి. మామూలు ఫార్మాట్ కొట్టినంత మాత్రాన ఫైళ్లు పోవు. పుస్తకంలో విషయసూచిక చించినట్టు ఉంటుందంతే, పేజీలు అలాగే ఉంటాయి. ఎస్ఎస్‌డీ అయితే దాని కంపెనీ ఇచ్చే ఉపకరణంలోని సెక్యూర్ ఎరేజ్ మరింత నమ్మకమైనది, కాకపోతే ఆ తరువాత విండోస్‌ను మళ్లీ ఎక్కించాల్సి ఉంటుంది. మీ దగ్గర ఇతరులు దాచిన ఫొటోలు, కాగితాలు కూడా అందులో ఉంటాయి. మన ఇళ్లలో పెద్దలు వాడే అమానత్ అనే మాట దీనికి సరిగ్గా సరిపోతుంది.

ఇలా రీసెట్ చేసినా అసలు లైసెన్సు పోదు. విండోస్ 10 నుంచి డిజిటల్ లైసెన్సు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఇంటర్నెట్ తగలగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. మీది రిటైల్ అయి, దాన్ని మీ కొత్త సిస్టానికి తీసుకెళ్లాలనుకుంటే మాత్రం పాతదాని నుంచి కీని తొలగించి, దాన్ని విండోస్ లేకుండానో లైనక్స్‌తోనో అమ్మాలి. ఆ సంగతి ముందే చెప్పాలి.

మరో మాట కూడా దాచకూడదు. విండోస్ 10కు ఉచిత భద్రతా సాయం 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 ఉండాలి, స్థూలంగా ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ లేదా ఆ తరువాతిది కావాలి. అంతకంటే పాత యంత్రానికి లైసెన్సు ఎంత శుభ్రంగా ఉన్నా కొన్నవారికి ముందు ముందు ఇబ్బందే. అలాంటివాటికి లైనక్సే సరైన మందు అని నా అభిప్రాయం.

విండోస్ ఒక్కటే సాఫ్ట్‌వేర్ కాదు. ఆఫీసు ప్యాకేజీ సంగతి చూడండి. మైక్రోసాఫ్ట్ 365 అనేది ఖాతాకు కట్టే చందా. కంప్యూటర్‌తో అమ్మడానికి వీల్లేదు. హోమ్ అండ్ స్టూడెంట్ 2021 వ్యాపార పనులకు పనికిరాదు, జిరాక్సు సెంటర్‌లో వేయకూడదు. విన్‌రార్ అందరికీ తెలిసిందే. 40 రోజుల పరీక్షా కాలం అంటుంది, ఆ 40 రోజులు మన దేశంలో ఇరవై ఏళ్లుగా నడుస్తూనే ఉన్నాయి. బదులుగా 7-జిప్ ఉంది, నిజంగా ఉచితం. వీఎల్‌సీ, లిబ్రెఆఫీస్ కూడా అలాంటివే. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి సొంత వాడకానికి మాత్రమే ఉచితం. “ఫ్రీ” అని ఉన్న చోట ఎవరికి ఫ్రీ అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

డీటీపీ చేసేవారికి పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్ల ప్యాకేజీ, ఉర్దూకు ఇన్‌పేజ్ వేసి ఇవ్వమని అడగడం మామూలే. పేజ్‌మేకర్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చన్నది అపోహ. ముద్రణ ఆగిపోయిన పుస్తకానికి కాపీరైట్ పోదు కదా. అదృష్టవశాత్తూ ఇప్పుడు యూనికోడ్ దారి సుగమమైంది. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, గిడుగు, సురన్న, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి. ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఉంది. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కిందివి. ఫాంటును ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు గానీ వాడుకోవచ్చు, పంచవచ్చు, ముద్రించి సంపాదించుకోవచ్చు. పేజీలు కూర్చడానికి స్క్రైబస్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాం ఉంది. అలవాటు కావడానికి కొంతకాలం పడుతుంది, అది ఒప్పుకోవాలి.

ఇక అసలు చిక్కు ధర. నా పాత విద్యార్థి ఒకడు సిస్టాలు బిగించి అమ్ముతుంటాడు. “సార్, అసలు విండోస్ వేస్తే ధర కొన్ని వేలు పెరుగుతుంది. పక్క షాపువాడు అన్నీ వేసి తక్కువకు ఇస్తాడు. నా దగ్గరకు ఎవరొస్తారు?” అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అతనికీ ఇల్లు గడవాలి. ఇప్పుడు అతను కొటేషన్‌లో రెండు ధరలు రాస్తున్నాడు. ఒకటి ఉబుంటు లేదా లైనక్స్ మింట్, లిబ్రెఆఫీస్‌తో, సాఫ్ట్‌వేర్ ధర సున్నా. రెండోది అసలు విండోస్‌తో, లైసెన్సు ధర వేరే వరుసలో. మూడోది అడిగినవారికి లేదని చెబుతాడు. కొందరు వెళ్లిపోతారు. విద్యార్థుల తల్లిదండ్రులు, చిన్న ఆఫీసులవారు చాలామంది మొదటిదానితో సర్దుకుంటున్నారట. లైనక్స్ పిల్లలకు అర్థం కాదన్న మాట నేను నమ్మను. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ల తరబడి పిల్లలు దానిమీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. అయితే బ్యాంకుల, ప్రభుత్వ శాఖల డిజిటల్ సంతకాల పరికరాలు, ట్యాలీ వంటి వాటితో పని ఉన్నవారికి లైనక్స్ అంటగట్టడం కూడా సరికాదు. అడిగి తెలుసుకుని ఇవ్వాలి.

కంప్యూటర్లను ఉచితంగా పంచే సంఘాలు కూడా ఈ సంగతి చూసుకోవాలి. అమ్మడం లేదు, దానం ఇస్తున్నాం కాబట్టి ఏది వేసినా పరవాలేదనే వాదన చెల్లదు. పేద విద్యార్థి చేతికి వెళ్లే యంత్రం ఆరు నెలలకు మొరాయిస్తే బాగు చేయించుకునే స్తోమత ఆ ఇంట్లో ఉండదు. పాత కంప్యూటర్లు పోగుచేసి పంచేటప్పుడు ప్రతిదానికీ లైసెన్సు కాగితం ఉందా లేదా చూసి, లేనివాటిలో లైనక్స్ వేయడం ఒక్క ఆదివారం పని.

అమ్మే రోజున ఒక తెల్లకాగితం మీద ఇవి రాసి సంతకం పెట్టి ఇవ్వండి: ఒక్కో భాగం పేరు, సీరియల్ నంబరు, కొన్న తేదీ, మిగిలిన వారంటీ, విండోస్ ఏ రకం లైసెన్సు, లేదా ఏ లైనక్స్, వేసి ఇచ్చిన ఇతర ప్రోగ్రాంల జాబితా, తెలిసిన లోపాలు, అంటే ఫ్యాన్ చప్పుడైనా సరే, పనిచేయని యూఎస్‌బీ అయినా సరే. ర్యామ్‌ను మెమ్‌టెస్ట్‌తో ఒక రాత్రంతా పరీక్షించి ఆ ఫలితం కూడా రాస్తే ఇంకా మంచిది. విడిభాగాల అసలు బిల్లులు, లైసెన్సు డబ్బా జత చేయండి. బిల్లు లేకపోతే వారంటీ అడగడం కష్టమని గుర్తుంచుకోండి. ఆ తరువాత కొన్నవారి ఎదుటే ఆన్ చేసి, వారి చేతే పేరు, పాస్‌వర్డు పెట్టించండి. విండోస్ అయితే బిట్‌లాకర్ కీ ఎక్కడ ఉంటుందో చూపించి, దాన్ని ఒక నోటుబుక్కులో రాయించండి. తెలుగు, ఉర్దూ కీబోర్డులు భాషల సెట్టింగ్స్‌లో ముందే ఉంటాయి, విడిగా కొనక్కరలేదు. వాటిని కూడా ఆన్ చేసి, రెండు ముక్కలు టైపు చేయించి పంపండి. దీనికంతా పట్టేది అరగంట.